అక్షరానికీ యాస ఉంటుంది

హైదరాబాద్ వనస్థలిపురంలో మా సందు చివర ఒక పెద్దమ్మ తొక్కులు పెట్టి అమ్ముతుంది. ఆవిడ సొంతూరు జనగామ పక్కన. పెళ్లయి ఈ ఊరొచ్చి నలభై ఏళ్లు దాటింది. మూడేళ్ల కిందట ఎండాకాలంలో, ఆవిడ మనవరాలు అడిగితే ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పేజీ తెరిచి ఇచ్చాను. పేజీలు నడపడమే నా ఉద్యోగం కాబట్టి ఇది గంటలో అయిపోతుందనుకున్నాను. జాడీ ఫొటోకి బంగారు రంగు అంచు పెట్టి, దాని మీద ఇలా రాశాను: ‘సంప్రదాయ పద్ధతిలో, స్వచ్ఛమైన పదార్థాలతో తయారుచేయబడిన నోరూరించే మామిడికాయ పచ్చడి. ఇప్పుడే ఆర్డర్ చేయండి!’

పెట్టే ముందు చదివి వినిపించాను. పెద్దమ్మ మొత్తం విని, “మంచిగుంది బిడ్డా. కానీ గిది నా మాట కాదు గదా. నేను గిట్ల మాట్లాడ్తనా?” అంది. కోపంగా అనలేదు. తెలుసుకుందామనే అడిగింది. కాసేపాగి, “మేం తొక్కు అంటం. నువ్వు పచ్చడని రాస్తివి. మావోళ్లు చూస్తే ఇది వేరేటోళ్ల దుకాణం అనుకుంటరు” అంది.

నాది తెనాలి. మా ఇంట్లో అది ఆవకాయ. బజారులో నలుగురికీ అర్థం కావాలంటే పచ్చడి. అది అందరి మాట అనే నమ్మకంతో రాశాను. అది మా వైపు మాట అని, దాన్ని అందరి మాటగా చలామణి చేస్తున్నానని నాకు అప్పటిదాకా తట్టలేదు.

ఫోన్ ఆవిడ ముందు పెట్టి, “మీ చెల్లెలికి ఎట్లా చెప్తావో అట్లా చెప్పు పెద్దమ్మా” అని రికార్డింగ్ నొక్కాను. ఆవిడ చెప్పింది ఇదీ: “ఎండలు ముదిరినయ్. కాయ మంచిగొచ్చింది. మొన్ననే తొక్కు పెట్టిన. ఈసారి ఎల్లిగడ్డ జర ఎక్కువేసిన. కావాల్సినోళ్లు ముందుగాల చెప్పుండ్రి, అయిపోయినంక అడిగితే నా తాన ఉండదు.”

ఒక్క మాట మార్చకుండా అదే రాశాను. బంగారు అంచు తీసేసి, కిటికీ పక్క వెలుతురులో జాడీని పెట్టి మళ్లీ ఫొటో తీశాను. ఆ రోజు ఇన్‌బాక్స్‌లో ఆర్డర్ల కంటే కబుర్లు ఎక్కువ వచ్చాయి. మా నాయనమ్మ ఇట్లనే అనేది అని ఒకరు, ఎల్లిగడ్డ అనే మాట చదివి ఎన్నేళ్లయిందో అని ఒకరు. ఊరికి దూరంగా ఉంటున్న ఒకతను తొక్కు అడగలేదు. ఆ నాలుగు ముక్కలు ఆవిడ గొంతుతో రికార్డు చేసి పంపగలరా అని అడిగాడు. అది అప్పటికే నా ఫోన్‌లో ఉంది.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ పోస్టు. సోషల్ మీడియాలో పేజీ నిలబడాలంటే మంచి డిజైన్ కావాలి, పట్టుకునే క్యాప్షన్ కావాలి, సరైన టైముకి పెట్టాలి అని పదేళ్లుగా మా వాళ్లందరం చెప్పుకుంటూనే ఉన్నాం. నేనూ చెప్పాను. ఇప్పుడు నా అభిప్రాయం మారింది. చదివేవాళ్ల వేలు ఆగేది ఒక మనిషి పలికినప్పుడు. మాటకు ఒక యాస ఉంటుంది, అక్షరం ఆకారానికి ఒక యాస ఉంటుంది, బొమ్మకూ ఉంటుంది. ఆ మూడూ ఒకే మనిషివి అనిపించాలి. వాక్యం ఒకరిది, అక్షరం ఇంకొకరిది, ఫొటో ఎక్కడో కొన్నది అయితే ఆ పోస్టు ఎవరిదీ కాకుండా పోతుంది. చూసేవాళ్లు ఆ సంగతిని మాటల్లో పెట్టలేకపోవచ్చు. కానీ పసిగడతారు, పైకి జరిపేస్తారు.

ఇది చెప్పగానే వెంటనే వచ్చే జవాబు, ‘అయితే అన్ని పేజీలకూ యాస పెడదాం’ అని. అక్కడే నాకు గట్టి పేచీ.

కొండాపూర్ వైపు ఒక రెస్టారెంట్ యజమాని నన్ను పిలిచి, తెలంగాణ స్లాంగ్ ట్రెండింగ్‌లో ఉంది, మనమూ పెడదాం అన్నాడు. అప్పుడు నేను పని చేస్తున్న ఆఫీసులో రాసినవాళ్లెవరికీ ఆ మాట ఇంట్లో లేదు, నాతో సహా. ‘మస్తు రుచులు, జబర్దస్త్ ఆఫర్లు! మా విశిష్టమైన వంటకాలను ఆస్వాదించండి’ అని పోస్టులు వెళ్లాయి. ఒకరు కింద రాసిన కామెంట్ ఇప్పటికీ మర్చిపోలేదు: ‘గీ మస్తు ఒక్కటే మాదా? మిగతాదంతా ఎవరిది?’

ఆ ప్రశ్న వెనక ఎంత చరిత్ర ఉందో ఆలోచించండి. తెలుగు సినిమాలో ఏళ్ల తరబడి హీరోకి ఒక తెలుగు ఉండేది, నవ్వించేవాడికీ రౌడీకీ తెలంగాణ తెలుగు ఉండేది. పాఠ్యపుస్తకంలో ఒక తెలుగు, ఇంట్లో ఒక తెలుగు. బడిలో ‘ఎల్లిగడ్డ’ అంటే ‘వెల్లుల్లి’ అని దిద్దించుకున్న పిల్లలు ఇప్పుడు నలభై ఏళ్లవాళ్లు. 2014లో రాష్ట్రం వచ్చాక ఆ మాట బయటికి ధైర్యంగా వచ్చింది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి ‘మై విలేజ్ షో’ వాళ్లు 2012లోనే యూట్యూబ్‌లో మొదలుపెట్టి, తమ ఊరి మాటనే మాట్లాడుతూ రాష్ట్రాలు దాటి చూపించారు. వాళ్లు యాస ‘వాడలేదు’. వాళ్లకున్న భాష అది. ఆ తేడా చెవికి తెలుస్తుంది. వాక్యం మొత్తం పేపర్ తెలుగులో రాసి, పైన నాలుగు మస్తులు చల్లితే, చిన్నప్పుడు దిద్దించుకున్న మనిషికి అది మళ్లీ వెక్కిరింతలాగే వినపడుతుంది. అందుకే ఆ పని ఇక చేయనని చెప్పేశాను. ఆ ఇంటి మాట తెలిసిన మనిషి రాయాలి. లేదంటే ఎవరి తెలుగులో వాళ్లు శుభ్రంగా రాయాలి. నేను తెనాలి తెలుగులో రాసిన పేజీలూ ఉన్నాయి. వాటిని హైదరాబాద్‌లో ఎవరూ తప్పు పట్టలేదు. నటన లేదు కాబట్టి.

ఈ ఊరి తెలుగు అసలే గీత గీసినట్టు ఒక్క భాషలో ఉండదు. జర, పరేషాన్, బేకార్, ఖాళీ, జల్ది... వీటిని ఉర్దూ మాటలని ఎవరూ విడదీసి చూడరు. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపు అమ్మాయి ఒక్క వాక్యంలో మూడు భాషలు మాట్లాడి బేరం ముగిస్తుంది. అది ఎక్కడైనా రాయాలంటే మాత్రం చెయ్యి బిగుసుకుంటుంది. రాసేటప్పుడు ఎందుకో అందరం ఇస్త్రీ చొక్కా వేసుకుంటాం.

ఇక అక్షరం సంగతి. దీని గురించి నాకు చాలా చెప్పాలని ఉంది, ఎందుకంటే ఈ పనిలోకి నేను అక్షరం దారినే వచ్చాను. చిక్కడపల్లిలో ఒక డీటీపీ సెంటర్‌లో నాలుగేళ్లు కూర్చున్నాను. పెళ్లి కార్డులు, కరపత్రాలు, శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు. అప్పుడు మాకు అను ఫాంట్లే లోకం. వాటిలో తెలుగు అక్షరం కంప్యూటర్‌కి తెలుగు అక్షరంగా తెలియదు. ఇంగ్లిష్ అక్షరాల గుర్తుల మీద తెలుగు ఆకారాలు తొడిగి చూపిస్తాయి, అంతే. కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే పిచ్చి గీతలు వస్తాయి. వెతికితే దొరకవు. అయినా ఎందుకు వదల్లేదంటే, ఆ ఆకారాలు బాగుంటాయి, అచ్చులో నిండుగా ఉంటాయి, చెయ్యి అలవాటు పడింది. ఫ్లెక్సీ దుకాణాల్లో ఇప్పటికీ వాటి రాజ్యమే నడుస్తోంది.

అక్కణ్నుంచి సోషల్ మీడియా పనికి వచ్చాక యూనికోడ్‌లోకి, అంటే తెలుగు అక్షరాన్ని కంప్యూటర్ తెలుగు అక్షరంగానే గుర్తుపట్టే పద్ధతిలోకి, మారాల్సి వచ్చింది. అప్పుడు జరిగిన ఒక తప్పు చెప్పాలి. శ్రీరామనవమికి ఒక వస్త్రాల షాపు పోస్టు. నా సిస్టమ్‌లో సరిగ్గానే ఉంది. వేరే సిస్టమ్‌లో తెరిచి ఎగుమతి చేశారు. అప్పట్లో ఫొటోషాప్‌లో అక్షరాలు కూర్చే ఇంజిన్‌ను దక్షిణాసియా భాషలకు మార్చుకోవాల్సి ఉండేది. ఆ సిస్టమ్‌లో మార్చలేదు. దాంతో ఒత్తు అక్షరం కిందికి దిగలేదు. ‘శ్రీ’ కాస్తా శ పొల్లు, పక్కన రీ అయి విడివిడిగా నిలబడింది. పండుగ రోజు పొద్దున అది అందరి ఫోన్లలోకి వెళ్లింది. ఒక పెద్దాయన కామెంట్: ‘రాముడి పేరు ముందు శ్రీ కూడా రాయలేకపోయారా నాయనా.’ తీసేసి మళ్లీ పెట్టాం. షాపు వాళ్లు పెద్దగా ఏమీ అనలేదు. నాకు మాత్రం ఆ రోజంతా అన్నం సహించలేదు. ఆయన అన్నది డిజైన్ గురించి కాదు. మీరు మా భాషను చూడలేదు, కనీసం ఒకసారి చదవలేదు అన్నాడు.

మన లిపికి ఉన్న ఇబ్బంది నిజమైనది. ఇంగ్లిష్ అక్షరాలు ఒక వరుసలో నిలబడతాయి. తెలుగు అక్షరం మూడంతస్తుల ఇల్లు. పైన తలకట్టు, గుడి, ఏత్వం. కింద ఒత్తులు, కొన్నిసార్లు ఒత్తు కింద ఒత్తు. ‘స్త్రీ’ అని రాస్తే మన కంటికి ఒక్క అక్షరం, కంప్యూటర్ లెక్కలో ఆరు గుర్తులు. ఎక్స్‌లో డబ్బు కట్టని ఖాతాకు 280 గుర్తులే ఇస్తారంటే, తెలుగులో రాసేవాళ్లకు అందులో చోటు ఎంత త్వరగా అయిపోతుందో అనుభవమైనవాళ్లకు తెలుసు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే అక్షరం, మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తుతో కలిసి, మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు ఆగిపోయాయని గుర్తుందా? యాపిల్ వాళ్లు ఆ నెలలోనే 11.2.6 అనే అప్‌డేట్ ఇచ్చి సరిచేశారు. ప్రపంచానికి అదొక వింత వార్త. నాకు మాత్రం, జ్ఞానంలో ఉన్న అక్షరాన్ని ఇంత పెద్ద కంపెనీ ముందుగా పరీక్షించి చూడలేదే అని బాధ కలిగింది.

ఇంగ్లిష్‌కు చేసిన టెంప్లేట్‌లో తెలుగు పోస్తే ఏమవుతుందో ఇప్పుడు ఊహించవచ్చు. పై వరుస ఒత్తులు కింది వరుస గుడి మీద పడతాయి. డిజైనర్ బాగా కనపడాలని బోల్డ్ చేస్తాడు. ‘ఫ’ కింది గీత పూడుకుపోయి ‘ప’ అవుతుంది, ‘ధ’ కింద గీత కరిగి ‘ద’ అవుతుంది. బంగారు మెరుపులు, నీడలు, అంచులు కలిపితే అక్షరం నగల కింద దాక్కున్న పెళ్లికూతురి మొహంలా అవుతుంది. చాలామంది తెలుగు పోస్టులు ఎవరూ చదవడం లేదు, ఇంగ్లిష్‌లో పెడదాం అంటారు. చదవడానికి వీలుగా పెట్టి చూశారా అని నేను అడుగుతాను.

సాకు చెప్పడానికి ఇప్పుడు చోటు కూడా లేదు. గూగుల్ ఫాంట్స్‌లో ధూర్జటి, పెద్దన, తిమ్మన, సూరన్న, సురవరం, గిడుగు, గురజాడ, మండలి, రామభద్ర అని మన వాళ్ల పేర్లతోనే ఎన్నో ఉచితంగా దొరుకుతున్నాయి. ‘బాలూ తమ్ముడు’ అని గుండ్రంగా, చనువుగా కనపడే ఫాంట్ ఉంది. ఒక్కోదానిదీ ఒక్కో గొంతు. రామభద్ర లావుగా, వేదిక మీద నిలబడి పిలుస్తున్నట్టు ఉంటుంది. మండలి కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నట్టు ఉంటుంది. బాపు చేతిరాతను తలుచుకోండి. ఆ వంపు చూడగానే, చదవకముందే, చెవిలో ఒక గొంతు వినపడేది. సంతాపం పోస్టును బాలూ తమ్ముడులో పెట్టకూడదని ఎవరో రూలు రాసి ఇవ్వనక్కర్లేదు. అక్షరాన్ని గట్టిగా చదివితే తెలిసిపోతుంది. పాతబస్తీలో ఛత్తా బజార్ వీధి పెళ్లి కార్డులకు పేరు. ఉర్దూ అందంగా రాసే కాతిబులు ఒకప్పుడు అక్కడ కూర్చుని రాసేవాళ్లు. పెళ్లి మాటకు ఒక రాత, దుకాణం బోర్డుకు ఒక రాత అని వాళ్ల చేతికి తెలుసు. మన సైన్‌బోర్డు ఆర్టిస్టులకూ తెలుసు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ కుంచెలు మూలపడ్డాయి, వాటితోపాటు ఆ తెలివిడీ.

ఒక చిన్న మాట ఇక్కడే చెప్పాలి. బొమ్మలో కూర్చిన అక్షరాలను చూపులేనివాళ్ల ఫోన్ చదివి వినిపించలేకపోవచ్చు. పండుగ శుభాకాంక్షలన్నీ బొమ్మల్లోనే ఉంటాయి కాబట్టి, వాళ్లకు ఆ రోజు పేజీలన్నీ మౌనంగా ఉంటాయి. బొమ్మకు రెండు వాక్యాల వివరణ రాసే చోటు చాలా యాప్‌లలో ఉంది. దయచేసి రాయండి.

బొమ్మ దగ్గరికి వస్తే, బతుకమ్మ పండుగ నాకు పెద్ద పాఠం. ఒక పేజీకి ఎవరో కొన్న ఫొటో పంపారు: గులాబీలు, తామరలు, ముగ్గు, దీపాలు. అందంగానే ఉంది. ‘తంగేడు ఏది? గునుగు ఏది?’ అని ఆడవాళ్లు అడిగారు. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు ఏ పువ్వు ఏ వరుసలో పేర్చాలో చేతులకు తెలిసినవాళ్లు వాళ్లు. తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం కూడా. ఆ పసుపు లేకుండా బతుకమ్మ అంటే, ఉగాదికి వేపపువ్వు లేని పచ్చడి. ఇప్పుడు ఏఐ బొమ్మలు వచ్చి ఈ జబ్బు పెరిగింది. ఏ చెట్టుకూ పూయని పువ్వులు, ఏ బడిలోనూ నేర్పని తెలుగు అక్షరాలు. మా ఫోన్‌తో, మా అపార్ట్‌మెంట్ కింద, కాస్త వంకరగా పేర్చిన బతుకమ్మను తీసి పెట్టిన ఏడాది, మాది కూడా వంకరే అంటూ జనం వాళ్ల ఫొటోలు పంపారు.

పోలీసుల పేజీల గురించి చాలామంది అడుగుతారు. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు మీమ్స్ పెడతారు, ఆర్టీసీ కూడా సినిమా పోస్టర్లతో బస్సెక్కమంది, మరి అవి ఎందుకు నడిచాయి అని. 2024 మొదట్లో రోడ్డు పక్కన భోజనం అమ్మే ఒకావిడ బిల్లు చెప్పే తీరు ఊరంతా పాకింది. బండి నడుపుతూ ఫోన్ మాట్లాడుతున్నవాడి ఫొటో మీద పోలీసులు అదే లయలో, మీది మొత్తం వెయ్యి అయ్యింది అని రాశారు. డిజైన్ ఏమీ లేదు. ఒక ఫొటో, ఒక వాక్యం. ఆ వాక్యం అప్పటికే అందరి నోట్లో ఉంది కాబట్టి చదవలేదు, విన్నారు. అది నాకు నచ్చింది. కానీ అదే గొంతుతో రోడ్డు ప్రమాదంలో పోయిన మనిషి గురించి మాట్లాడకూడదు. నవ్వించడం అలవాటైన పేజీకి ఆ నిగ్రహం కష్టం. ఇంకొకటి, ఆ లయ ఆవిడది. కష్టపడి అన్నం వడ్డించే మనిషి గొంతు అది. దాన్ని ఎత్తుకునే ముందు, నవ్వు ఆవిడ మీద పడుతోందా, తప్పు చేసినవాడి మీద పడుతోందా అని ఒక్కసారి చూసుకోవాలి.

ప్రభుత్వం రాసిన తెలుగు ఎప్పుడూ బిగుసుకునే ఉంటుందనీ కాదు. 2020 మే నెలలో దోమల మీద తెలంగాణ మున్సిపల్ శాఖ ఒక పిలుపు ఇచ్చింది: ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు. ఇంట్లో నిలవున్న నీళ్లు పారబోయమని. ఒక్కసారి పైకి అనండి. రెండు పదులు తాళం వేసినట్టు పడతాయి. సామెతలు, పొడుపు కథలు నిలిచింది ఇలాంటి తాళం మీదే. డెంగీ దోమ ఎక్కువగా నిలవున్న మంచినీళ్లలో పెరుగుతుంది, గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు, అందుకే వారానికోసారి. ఇంత శాస్త్రాన్ని ఐదారు మాటల్లో పెట్టారు. ఇదే విషయాన్ని ‘పరిసరాలను పరిశుభ్రంగా ఉంచుకొనవలెను’ అని ఎన్ని గోడల మీద చదివాం, ఎవరి కాలు కదిలింది?

నాతో పని చేసే పిల్లలు ఒప్పుకోరు. అక్కా, ఇదంతా సరే, రీచ్ చూడండి, ఎంతమందికి చేరిందో చూడండి అంటారు. వాళ్ల మాటలో నిజం ఉంది. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించారు, కొద్ది రోజులకే రీల్స్ వచ్చాయి, అప్పటినుంచి కదిలే బొమ్మకే పెద్దపీట. 2025 జనవరిలో ఇన్‌స్టాగ్రామ్ ప్రొఫైల్‌లో చదరపు గడులను నిలువుగా మార్చింది. అంతకుముందు జాగ్రత్తగా కూర్చుకున్న తెలుగు శీర్షికల అంచులు ఒక్క రాత్రిలో తెగిపోయాయి. ఆ ఇల్లు మనది కాదు, గోడలు వాళ్లిష్టం. ఒప్పుకుంటాను. కానీ రీల్ అంటే గొంతే కదా. గొంతు వినపడే చోట అరువు యాస ఇంకా త్వరగా దొరికిపోతుంది. ట్రెండింగ్ పాటకు పెదాలు కదిపిన వీడియో చూసినవాళ్లు ఎంతోమంది ఉండొచ్చు. వాళ్లలో ఒక్కరైనా మర్నాడు వచ్చి, మీ అమ్మకు ఎట్లా ఉంది అని అడుగుతున్నారా? పెద్దమ్మ పేజీలో అడుగుతారు. మధ్యలో ఆవిడకు జ్వరం వచ్చి రెండు వారాలు పోస్టు లేకపోతే, ఏమైందని ఆరా తీశారు. నేను పేజీలు నడిపేది దీనికోసమే అని ఇప్పుడు గట్టిగా చెప్పగలను.

ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాయడం మీద నాకు ఒకప్పుడు చాలా పట్టుదల ఉండేది. కామెంట్లలో దిద్దేదాన్ని. మానేశాను. అది వాళ్ల నోరు, వాళ్ల వేళ్లు. పేజీ మాత్రం తెలుగు లిపిలోనే రాయాలని పట్టుబడతాను. ఇంగ్లిష్ మీడియం పిల్లలు మెల్లగా కూడబలుక్కుని చదివే తెలుగు ఒక్కోసారి అమ్మ ఫోన్‌లో కనపడే ఈ పోస్టే. వాళ్లకోసం వాక్యం చిన్నదిగా, అక్షరం పెద్దదిగా ఉంచుతాను.

పోయిన వారం పెద్దమ్మకు కొత్త పోస్టు చూపించడానికి వెళ్లాను. చింతకాయ తొక్కు. ఆవిడ పెద్దగా చదువుకోలేదు. ఫోన్ కాస్త దూరంగా పట్టుకుని, అక్షరం కింద వేలు పెట్టి ఒక్కొక్కటే చదువుతుంది. రెండో వరుస దగ్గర వేలు ఆగింది.

“గీ రెండు వరుసలు అంటుకున్నయ్ బిడ్డా. జర దూరం జరుపు.”

చూశాను. ‘తొక్కు’లో క ఒత్తు కింది వరుసలోని ‘మీ’ గుడి మీద పడింది. అక్కడే గడప మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచి, వరుసల మధ్య చోటు పెంచి మళ్లీ చేతికిచ్చాను. ఆవిడ మొదటినుంచి చదవడం మొదలుపెట్టింది.